చిన్న అల్యూమినియం బోట్‌కి ఎంత హెచ్‌పి మోటర్ పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఫిషింగ్ పిచ్చి ఈ మధ్య బాగా పెరిగింది. ఒడ్డున కూర్చుని గాలం వేసీ వేసీ విసుగొచ్చి సెకండ్ హ్యాండ్‌లో ఒక 12 అడుగులదో 14 అడుగులదో అల్యూమినియం బోట్ తెచ్చేసుకుంటున్నారు, తెచ్చాక మొదలవుతుంది అసలు గొడవ, మోటర్ ఎంతది పెట్టాలి అని. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒక్కచోట రాస్తున్నా. ఇది 12 నుంచి 16 అడుగుల జాన్ బోట్లకీ (అడుగు చదునుగా ఉండేవి) వీ హల్ బోట్లకీ (అడుగు వీ ఆకారంలో ఉండేవి), లూయిస్‌విల్, లవాన్, రే రాబర్ట్స్ లాంటి లేకుల మీద తిరిగేవాళ్ళకి. బాస్ బోట్ల గురించీ పాంటూన్ల గురించీ ఇందులో ఏమీ ఉండదు.

బోట్ కొనేశాను, ఎంత హెచ్‌పి పెట్టొచ్చో ముందు ఎక్కడ చూడాలి?

బోట్ లోపల, సాధారణంగా వెనక ట్రాన్సమ్ (మోటర్ తగిలించే వెనక గోడ) దగ్గరో డ్రైవర్ కూర్చునే చోటో ఒక చిన్న రేకు ప్లేట్ కొట్టి ఉంటుంది, దాన్ని కెపాసిటీ ప్లేట్ అంటారు. అమెరికాలో 20 అడుగుల లోపు మోటర్ బోట్లకి 1972 నవంబర్ నుంచి తయారుచేసినవాళ్ళు ఇది తప్పనిసరిగా పెట్టాలి. దాని మీద మూడు సంగతులు ఉంటాయి: ఎంతమంది ఎక్కొచ్చు, మనుషులు మోటర్ సామాను అన్నీ కలిపి ఎన్ని పౌండ్లు, గరిష్టంగా ఎంత హెచ్‌పి. చాలామంది హెచ్‌పి ఒక్కటి చూసి వదిలేస్తారు, నా ఉద్దేశంలో ముందు చూడాల్సింది పౌండ్ల లైను, ఎందుకో కింద చెప్తా.

ప్లేట్ ఊడిపోయింది, ఇప్పుడు ఎలా?

ట్రాన్సమ్ మీద కుడివైపు పై మూలలో 12 అక్షరాల హల్ నంబర్ (హల్ అంటే బోట్ బాడీ) ఉంటుంది, అది పట్టుకుని తయారుచేసిన కంపెనీకి మెయిల్ పెడితే చాలా కంపెనీలు పాత రికార్డు చూసి చెప్తాయి. కంపెనీ మూతపడిపోయి ఉంటే కోస్ట్ గార్డ్ లెక్క ఒకటి ఉంది, తయారీదారులు ప్లేట్ మీద నంబర్ వేసేది కూడా ఆ లెక్కతోనే, చాలా సులువు.

బోట్ పొడవు అడుగుల్లో తీసుకోండి, వెనక ట్రాన్సమ్ వెడల్పు కొలవండి (పూర్తి ట్రాన్సమ్ లేని బోట్ అయితే వెనక నాలుగో వంతు భాగంలో అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట), రెండూ గుణించండి. వచ్చింది 35 లోపు అయితే 3 హెచ్‌పి, 36 నుంచి 39 అయితే 5, 40 నుంచి 42 అయితే 7.5, 43 నుంచి 45 అయితే 10, 46 నుంచి 52 అయితే 15. అడుగు చదునుగా ఉండి అంచులు పదునుగా మడిచిన జాన్ బోట్ అయితే ఈ టేబుల్లో ఒక మెట్టు కిందికి దిగాలి. అంటే 12 అడుగులు, 4 అడుగుల వెడల్పు జాన్ బోట్‌కి 48 వస్తుంది, 15 కాదు 10 హెచ్‌పి.

52 దాటితే వేరే లెక్క. చేత్తో తిప్పే టిల్లర్ మోటర్ పెట్టే చదును బోట్‌కి, వచ్చిన నంబర్‌లో సగం తీసుకుని 15 తీసేయాలి, వీ హల్ అయితే 0.8 తో గుణించి 25 తీసేయాలి, వచ్చింది పైనున్న 5 గుణకానికి పెంచుకోవచ్చు. 14 అడుగులు, 5 అడుగుల వెడల్పు అనుకోండి, 70 వస్తుంది, చదును బోట్‌కి 20 హెచ్‌పి, అదే కొలతల వీ హల్‌కి 31, అంటే 35 దాకా. స్టీరింగ్ ఉండి ట్రాన్సమ్ ఎత్తు కనీసం 20 అంగుళాలు ఉంటే రెండింతలు చేసి 90 తీసేయమంటుంది, అప్పుడు 50 వస్తుంది. ఆ 50 చూసి సంబరపడిపోకండి, ఆ నంబర్‌కి తగ్గ ట్రాన్సమ్ బలం పాత బోట్లలో ఉండదు.

ప్లేట్ మీద 25 అని ఉంది. 25 పెట్టాలా, తక్కువ పెట్టినా నడుస్తుందా?

నడవడం అయితే 3 హెచ్‌పి పెట్టినా నడుస్తుంది. మీకు కావాల్సింది ఏ రకం నడక అన్నదే ప్రశ్న.

ఇలాంటి బోట్‌కి రెండు నడకలు ఉంటాయి. ఒకటి నీళ్ళని తోసుకుంటూ పోయేది, 14 అడుగుల బోట్‌కి అది గంటకి 6 మైళ్ళ దగ్గర ఆగిపోతుంది, ఆ పైన ఎంత థ్రాటిల్ ఇచ్చినా ముక్కు పైకి లేచి వెనక పెద్ద అల లేస్తుందే తప్ప స్పీడ్ పెద్దగా రాదు. రెండోది ప్లేన్ అవడం, అంటే బోట్ తన అలని తానే దాటి నీళ్ళ పైన జారుతూ పోవడం. ఈ మొదటిదాని నుంచి రెండోదానికి ఎక్కడానికే హెచ్‌పి కావాలి, ఒకసారి ఎక్కాక థ్రాటిల్ కొంచెం తగ్గించినా బోట్ అలాగే పోతుంది, పెట్రోల్ కూడా మైలుకి తక్కువే తాగుతుంది.

అసలు ఘోరం ఏంటంటే ఈ రెండిటి మధ్య ఇరుక్కుపోవడం. మోటర్ ఫుల్ థ్రాటిల్‌లో అరుస్తూ ఉంటుంది, ముక్కు ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది, ముందు ఏముందో కనపడదు, గంటకి 8 మైళ్ళు. ఇంజన్ జీవితం అంతా ఫుల్ థ్రాటిల్‌లోనే గడుస్తుంది. కాబట్టి నా సలహా, మీ బోట్ నిండా మీ లోడ్ పెట్టాక ప్లేన్ అయ్యే మోటర్ అన్నా తీసుకోండి, లేదంటే ప్లేన్ ఆలోచనే మానేసి 4 నుంచి 6 హెచ్‌పి చిన్నది తీసుకుని హాయిగా మెల్లగా తిరగండి. మధ్యలోది తీసుకోవద్దు.

మరి నా లోడ్‌కి ఎంత కావాలో ఎలా తెలుస్తుంది?

మొత్తం బరువు లెక్కేయండి, ఊహించొద్దు, ఇంట్లో బాత్రూమ్ స్కేల్ ఉంటుంది కదా, కూలర్ నింపి పట్టుకుని ఎక్కి మీ బరువు తీసేయండి, బ్యాటరీ కూడా అలాగే. ఎప్పుడు తూచినా మనం అనుకున్నదానికన్నా ఎక్కువే వస్తుంది.

ఒక మామూలు 14 అడుగుల సెటప్ చూద్దాం. ఖాళీ హల్ 250 పౌండ్లు, మోటర్ 115, మూడు గ్యాలన్ల ట్యాంక్ నింపితే 25, ట్రోలింగ్ మోటర్ (బ్యాటరీతో నడిచే చిన్న ఎలక్ట్రిక్ మోటర్) బ్యాటరీ 55, ట్రోలింగ్ మోటర్ 35, ఐస్ వేసిన కూలర్ 40, గాలాలు యాంకర్ తాళ్ళు లైఫ్ జాకెట్లు కలిపి ఇంకో 30, ఇద్దరు మనుషులు 360. మొత్తం 910. దీంట్లో ఇంకా బిర్యానీ డబ్బా వెయ్యలేదు.

ఇప్పుడు వాడుక లెక్క ఏంటంటే ఒక్కో హెచ్‌పికి 25 నుంచి 40 పౌండ్లు దాకా ఉంటే బోట్ ఇబ్బంది లేకుండా ప్లేన్ అవుతుంది, 50 దగ్గరికి వచ్చేసరికి అతి కష్టం మీద, అది దాటితే హల్ బాగుండి మనుషులు ముందుకి జరిగి కూర్చుంటే తప్ప లేదు. 910 ని 25 హెచ్‌పితో భాగిస్తే 36 పౌండ్లు, బ్రహ్మాండం. 20 తో అయితే 45, పర్వాలేదు, కొంచెం టైం తీసుకుంటుంది. 15 తో 60, ఒక్కరే ఉంటే ఎక్కుతుంది ఇద్దరైతే కష్టపడుతుంది. 9.9 తో 92, మర్చిపోండి.

ఇది చట్టం కాదు, అంచనా మాత్రమే. చదును అడుగు ఉన్న జాన్ బోట్ తక్కువ పవర్‌కే ప్లేన్ అవుతుంది, వీ హల్‌కి కొంచెం ఎక్కువ కావాలి, బదులుగా అలల్లో వీ హల్ నడుము విరగ్గొట్టకుండా తీసుకెళ్తుంది. డెన్వర్ వైపు ఎత్తు మీద ఉండేవాళ్ళు ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం పవర్ తగ్గించుకుని లెక్కేసుకోండి.

అందరూ 9.9 కొనమంటున్నారు, అది చాలదా అన్నా?

ఈ ప్రశ్న అన్నిటికన్నా ఎక్కువగా వస్తుంది, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తా.

9.9 కి అంత పేరు రావడానికి పెద్ద కారణం లేకుల రూల్స్. చాలాచోట్ల తాగునీటి రిజర్వాయర్ల మీద 10 హెచ్‌పి దాటకూడదు అని ఉంటుంది. న్యూజెర్సీలో మన ఎడిసన్ వాళ్ళు ఎక్కువగా వెళ్ళే స్ప్రూస్ రన్, రౌండ్ వ్యాలీ రెండిట్లోనూ ఆ పరిమితి ఉంది. పెన్సిల్వేనియాలో లేక్ ఆర్థర్, పైమట్యూనింగ్ లాంటి చోట్ల 20 హెచ్‌పి పరిమితి. అలాంటి లేక్ పక్కన ఉంటే 9.9 కొనడం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, దాంట్లో వాదనే లేదు.

టెక్సస్‌లో మనం తిరిగే పెద్ద లేకుల మీద అలాంటి పరిమితి లేదు. మరి ఇక్కడెందుకు 9.9 కొంటారు అంటే ఎవరో చెప్పారని, తేలిగ్గా ఉంటుందని. తేలిక అన్న మాట ఒకసారి తూకం వేసి చూడాలి. ఇప్పుడొచ్చే ఫోర్ స్ట్రోక్ మోటర్లలో 9.9 సుమారు 80 నుంచి 95 పౌండ్లు, 20 హెచ్‌పి సుమారు 95 నుంచి 115. టొహాట్సు లాంటి కంపెనీల ఈఎఫ్‌ఐ (కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్) 9.9, 15, 20 మూడూ ఒకే ఇంజన్ బ్లాక్ మీద చేసినవి, బరువు దాదాపు ఒక్కటే, లోపల గాలి పెట్రోల్ వెళ్ళే సెట్టింగులే తేడా. అంటే అలాంటి 9.9 స్టిక్కర్ ఉన్న మోటర్ కొన్నా మీ నడుము మోసేది 20 హెచ్‌పి బరువే.

కాబట్టి మీ లేక్‌కి పరిమితి లేదు, ప్లేట్ 20 ఒప్పుకుంటుంది అంటే 20 తీసుకోండి. ధర తేడా ఉంటుంది నిజమే, కానీ 9.9 కొని ఏడాదిలో అమ్మి మళ్ళీ 20 కొంటే అంతకన్నా ఎక్కువ పోతుంది, ఇది మనవాళ్ళలో చాలామందికి జరుగుతోంది.

9.9 ఎవరికి సరిపోతుంది మరి? 12 అడుగుల తేలిక బోట్, ఒక్కడే వెళ్ళేవాడు, లేదా ర్యాంప్ (బోట్‌ని నీళ్ళలోకి దించే చోటు) దగ్గర్లోనే చేపలు పట్టుకుని వచ్చేసేవాడు, లేదా మెల్లగా ట్రోలింగ్ చేసేవాడు, అంటే బోట్ నడుపుతూ వెనక గాలం లాగేవాడు. వాళ్ళకి బంగారం లాంటి మోటర్.

మా ఊరి దగ్గర ఉప్పాడలో 9.9 పెట్టుకుని సముద్రంలోకే వెళ్తారు కదా, లేక్ మీద 20 ఎందుకు?

మంచి ప్రశ్న. అక్కడి ఫైబర్ తెప్పలు సన్నగా పొడుగ్గా ఉంటాయి, వలలూ మనుషులూ చేపలూ వేసుకుని అలల్ని కోసుకుంటూ మెల్లగా పోవడానికే చేసినవి, ప్లేన్ అవ్వాల్సిన పని లేదు. పొడుగు పెరిగేకొద్దీ నీళ్ళని తోసుకుంటూ పోయే స్పీడ్ కూడా పెరుగుతుంది, అందుకని చిన్న ఇంజన్‌తోనే వాళ్ళకి పని జరిగిపోతుంది. పైగా అలలు చూసి ఎప్పుడు దాటాలో పుట్టినప్పటి నుంచీ తెలిసిన మనుషులు. మన 14 అడుగుల రేకు బోట్ పొట్టిగా వెడల్పుగా చదునుగా ఉంటుంది, మెల్లగా పోయేటప్పుడు అది అసలు సమర్థంగా నడవదు. ఆ నీళ్ళు వేరు, ఆ పడవ వేరు, పని వేరు.

ప్లేట్ 15 అంటోంది, చవగ్గా 25 దొరుకుతోంది, పెట్టేయొచ్చా?

వద్దు.

చాలా రాష్ట్రాల్లో అది చట్టవిరుద్ధం, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాడు ముందు చూసేది ఆ ప్లేటే. కానీ చట్టం కోసం మాత్రమే చెప్పట్లేదు. మొన్న వేసవిలో లూయిస్‌విల్ ర్యాంప్ దగ్గర ఒక 12 అడుగుల జాన్ బోట్‌కి పాత 25 హెచ్‌పి టూ స్ట్రోక్ వేలాడదీసి ఉండటం చూశా, ట్యాంకూ బ్యాటరీ కూడా వెనకే, మనిషి టిల్లర్ దగ్గర కూర్చోగానే ట్రాన్సమ్ పైఅంచుకీ నీళ్ళకీ మధ్య రెండు వేళ్ళ ఎడం మిగిలింది. అప్పటికి గాలి కూడా లేదు. పక్కన వేక్ బోట్ (కావాలనే పెద్ద అల లేపే బోట్) ఒకటి పోతే ఆ అల తిన్నగా లోపలికి వస్తుంది, లేదా థ్రాటిల్ ఒక్కసారి వదిలితే చాలు, తన వెనకాల వచ్చే సొంత అలే ట్రాన్సమ్ దాటి లోపలికి పోస్తుంది. చిన్న బోట్లు మునిగేది ఎక్కువగా ఇలాగే.

ఇంకోటి, టిల్లర్‌తో తేలిక బోట్‌ని అంత పవర్‌తో తిప్పితే బోట్ అడ్డంగా జారి మనిషిని బయటికి విసిరేస్తుంది.

మోటర్ బరువు అంత ముఖ్యమా?

హెచ్‌పి ఎంత ముఖ్యమో అంత. ప్లేట్ మీద పౌండ్ల లైను ముందు చూడమన్నది ఇందుకే. పాత రోజుల్లో 25 హెచ్‌పి టూ స్ట్రోక్ 110 పౌండ్లు అటూఇటూ ఉండేది, ఆ బోట్లు ఆ బరువుకి డిజైన్ చేశారు. తర్వాత వచ్చిన మొదటితరం ఫోర్ స్ట్రోక్ 25 లు 150 దాటి ఉండేవి, వాటిని పాత బోట్‌కి తగిలిస్తే హెచ్‌పి ప్లేట్ ప్రకారమే ఉన్నా వెనక కుంగిపోతుంది. ఇప్పుడు యమహా ఎఫ్25 లాంటివి 126 పౌండ్ల దగ్గరకి తగ్గాయి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మోడల్ ఏడాది అడిగి బరువు చూసుకోండి, హెచ్‌పి ఒకటే అయినా బరువులో 40 పౌండ్ల తేడా ఉండొచ్చు.

బరువు సర్దుకోవడం మీ చేతిలో పని. బ్యాటరీ ముందుకి, పెట్రోల్ ట్యాంక్ మధ్యకి, కూలర్ ముందుకి. టిల్లర్‌కి ఎక్స్‌టెన్షన్ హ్యాండిల్ ఒకటి తగిలిస్తే మీరు కూడా ఒక అడుగున్నర ముందుకి జరిగి కూర్చోవచ్చు, ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఇది చాలా తేడా చూపిస్తుంది, ప్లేన్ అవ్వని బోట్ అవ్వడం మొదలుపెడుతుంది.

షార్ట్ షాఫ్ట్, లాంగ్ షాఫ్ట్ అంటే ఏంటి?

షాఫ్ట్ అంటే మోటర్‌లో నీళ్ళలోకి దిగే కాలు, దాని పొడవు ట్రాన్సమ్ ఎత్తుకి సరిపోవాలి. ట్రాన్సమ్ పైఅంచు మధ్యలో నుంచి బోట్ అడుగు దాకా నిలువుగా కొలవండి. 15 అంగుళాలు వస్తే షార్ట్, 20 వస్తే లాంగ్. చాలా జాన్ బోట్లు 15, వీ హల్స్‌లో రెండూ ఉంటాయి. మోటర్ తగిలించాక ప్రాప్ (ప్రొపెల్లర్) పైన ఉండే చదునైన ప్లేట్ బోట్ అడుగుతో సమానంగా, లేదా ఒక అంగుళం కిందికి ఉండాలి. షాఫ్ట్ పొట్టిదైతే ప్రాప్ గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది, పొడుగుదైతే నీళ్ళని లాగుతూ స్పీడ్ తినేస్తుంది, వెనక ఫౌంటెన్ లేస్తుంది, లోతు లేనిచోట మొదట తగిలేదీ అదే. బేరం బాగుందని తప్పు షాఫ్ట్ కొనొద్దు.

ట్రోలింగ్ మోటర్ ఒక్కటే పెట్టుకుంటే చాలదా? పెట్రోల్ గొడవ ఉండదు కదా.

చిన్న లేక్ అయితే చక్కగా చాలుతుంది. దీంట్లో హెచ్‌పి ఉండదు, థ్రస్ట్ పౌండ్లలో చెప్తారు, లోడ్‌తో ఉన్న బోట్ బరువు ప్రతి 100 పౌండ్లకీ 2 పౌండ్ల థ్రస్ట్ లెక్క. మన 910 పౌండ్ల బోట్‌లో పెద్ద మోటర్ తీసేస్తే ఇంకా తగ్గుతుంది, అయినా నేనైతే 55 కి తగ్గొద్దంటాను, ఇక్కడి గాలికి అది కావాలి. 12 వోల్టుల 55 పౌండ్ల మోటర్ ఫుల్ స్పీడ్‌లో సుమారు 50 ఆంప్స్ లాగుతుంది. 100 ఆంప్ అవర్ లెడ్ బ్యాటరీని సగం వరకే వాడాలి కాబట్టి ఫుల్ మీద గంట, సగం స్పీడ్‌లో అంతకు ఎన్నో రెట్లు. లిథియం అయితే దాదాపు మొత్తం వాడుకోవచ్చు, బరువు కూడా సగానికన్నా తక్కువ.

లవాన్, టెక్సోమా లాంటి వాటి మీద మాత్రం ఒక్క ట్రోలింగ్ మోటర్‌ని నమ్ముకుని దూరం వెళ్ళొద్దు. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి దక్షిణం గాలి లేచిందంటే రెండడుగుల అలలు అయిపోతాయి, గాలికి ఎదురు రావాల్సి వస్తే ఆ మోటర్ బోట్‌ని ఉన్నచోటే నిలబెడుతుంది. టెక్సోమా 89 వేల ఎకరాలు అండి, అక్కడ 14 అడుగుల బోట్‌తో గాలి ఫోర్‌కాస్ట్ చూడకుండా దిగనే కూడదు, ఎంత మోటర్ ఉన్నా సరే.

పిల్లలతో ఫ్యామిలీగా వెళ్ళాలి, నలుగురం. పెద్ద మోటర్ పెడితే సరిపోతుందా?

మోటర్ పెంచితే బోట్ పెరగదు. నలుగురంటే 16 అడుగులది, వెడల్పుగా ఎత్తుగా ఉన్నది చూడండి, 40 హెచ్‌పి దాకా ప్లేట్ ఉన్నది. 14 అడుగుల దాంట్లో ప్లేట్ నలుగురు అని ఒప్పుకున్నా సామాను వేశాక పౌండ్లు దాటిపోతాయి. టెక్సస్‌లో 13 ఏళ్ళ లోపు పిల్లలు చిన్న బోట్‌లో, బోట్ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, పక్కన పెట్టుకుంటే కుదరదు. పెద్దవాళ్ళకి పక్కన ఉంటే చాలంటుంది చట్టం, నేనైతే మనవాళ్ళందర్నీ వేసుకునే ఎక్కమంటా, మనలో ఈత వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకి తెలిసిందే.

టిల్లర్ మంచిదా, స్టీరింగా?

14 అడుగుల లోపు టిల్లర్. స్టీరింగ్ కన్సోల్ చోటు తినేస్తుంది, కేబుళ్ళూ కంట్రోల్ బాక్సూ బరువు పెంచుతాయి, రిపేర్లు పెరుగుతాయి. 16 అడుగులు, 30 హెచ్‌పి దాటాక స్టీరింగ్ సుఖం. ఎలక్ట్రిక్ స్టార్ట్ మాత్రం 20 హెచ్‌పి నుంచి తీసుకుంటే మంచిది, భుజం నొప్పి ఉన్నవాళ్ళు అయితే తప్పకుండా.

ప్రాప్ మార్చాలా? మోటర్‌తో వచ్చింది చాలు కదా?

ఎక్కువసార్లు చాలు, కానీ ఒక్కసారి చెక్ చేయండి. మీ మామూలు లోడ్ వేసుకుని ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పిఎం ఎంత వస్తుందో చూడండి, చవకైన టాకోమీటర్ ప్లగ్ వైరుకి చుట్టేది దొరుకుతుంది. మాన్యువల్లో రేంజ్ ఇస్తారు, ఈ సైజు మోటర్లకి చాలావాటికి 5000 నుంచి 6000. దానికి కింద ఉందంటే పిచ్ (ప్రాప్ ఒక చుట్టు తిరిగితే ముందుకి జరిగే దూరం, అంగుళాల్లో) ఎక్కువైంది, ఇంజన్ ఈడుస్తోంది అని అర్థం. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పిఎం పెరుగుతుంది. చాలామంది మోటర్ చాలట్లేదు అనుకుని అమ్మేసుకునేది ఇక్కడే, ప్రాప్ మారిస్తే అదే మోటర్ ఇద్దర్ని ప్లేన్ ఎక్కిస్తుంది.

లేక్ ఫోర్క్ లాంటి చోట నీళ్ళ కింద చెట్ల మొద్దులు ఎక్కువ. అక్కడికి స్టెయిన్‌లెస్ వద్దు, అల్యూమినియం ప్రాప్ పెట్టండి, వంగితే ప్రాప్ పోతుంది, గేర్లు మిగులుతాయి. స్పేర్ ప్రాప్, పిన్ను, రెంచ్ బోట్‌లోనే ఉండాలి.

పెట్రోల్ ఎంత తాగుతుంది?

ఫుల్ థ్రాటిల్‌లో హెచ్‌పిని 10 తో భాగిస్తే గంటకి సుమారు అన్ని గ్యాలన్లు. 25 అయితే రెండున్నర, 9.9 అయితే ఒకటి. మామూలు క్రూజింగ్‌లో దాంట్లో సగం సరిపోతుంది. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగతాది చేతిలో ఉంచుకోవాలి. బంకులో ఇ15 (15 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) అని రాసి ఉన్న పంపు ముట్టుకోవద్దు, బోట్ ఇంజన్లలో అది వాడటానికి పర్మిషన్ లేదు. ఇ10 వాడొచ్చు, కానీ నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే నీరు పట్టి విడిపోతుంది, చిన్న మోటర్ల కార్బురేటర్ జెట్లు మూసుకుపోయేది దీనివల్లే. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే అదే పోయండి.

హెచ్‌పిని బట్టి లైసెన్స్ రూల్స్ మారతాయా?

టెక్సస్‌లో మారతాయి. 1993 సెప్టెంబర్ 1 న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు 15 హెచ్‌పి దాటిన మోటర్ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి, ఆన్‌లైన్లో అయిపోతుంది. మోటర్ ఉన్న ఏ బోట్‌కైనా రిజిస్ట్రేషన్ కావాలి, ట్రోలింగ్ మోటర్ అయినా సరే. వేరే రాష్ట్రాల రూల్స్ వేరు, మీ రాష్ట్రం వెబ్‌సైట్ చూసుకోండి.

కిల్ స్విచ్ గురించి కూడా చెప్పాలి. టిల్లర్ దగ్గర ఎర్ర తాడు ఉంటుంది కదా, అది మనిషికి తగిలించుకోవాలి, పడిపోతే ఇంజన్ ఆగిపోతుంది. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి, ఫెడరల్‌గా 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు బోట్లకి ఇది తప్పనిసరి, సుమారు 3 హెచ్‌పి పైన అన్నీ వస్తాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు పడిపోతే టిల్లర్ వదిలిన బోట్ గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ వాళ్ళ మీదకే వస్తుంది, ప్రాప్ తిరుగుతూ. చట్టం లేకపోయినా తగిలించుకోండి.

సెకండ్ హ్యాండ్ మోటర్ చూడ్డానికి వెళ్తున్నా, ఏం చూడాలి?

ముందు కాగితం. టెక్సస్‌లో బోట్‌కి వేరే, ఔట్‌బోర్డ్ మోటర్‌కి (ట్రాన్సమ్‌కి బయట తగిలించేది) వేరే టైటిల్, అంటే ఓనర్ కాగితం, ఉంటుంది. అమ్మేవాడి పేరు మీద మోటర్ టైటిల్ లేకపోతే ఎంత చవకైనా వెనక్కి వచ్చేయండి, దొంగ మోటర్లు ఈ సైజులోనే ఎక్కువ, ఎందుకంటే ఇద్దరు మనుషులు ఎత్తుకుపోగలరు. సీరియల్ నంబర్ ప్లేట్ గీకి ఉందేమో చూడండి.

తర్వాత, మీరు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి, ముందే వేడి చేసి పెట్టొద్దని ఫోన్లోనే చెప్పండి, చల్ల ఇంజన్ ఎన్ని లాగులకి స్టార్ట్ అవుతుందో చూస్తేనే నిజం తెలుస్తుంది. స్టార్ట్ అవ్వగానే వెనకనుంచి సన్నటి నీళ్ళ ధార రావాలి, రాకపోతే వాటర్ పంపు ఇంపెల్లర్ పోయినట్టు, అది చిన్న ఖర్చే, కానీ అలా ఎంతకాలం వేడెక్కించి నడిపారో అడగండి. కంప్రెషన్ గేజ్ ఒకటి తీసుకెళ్ళి సిలిండర్లన్నీ చూడండి, వాటి మధ్య 10 శాతం కన్నా తేడా ఉండకూడదు. లోయర్ యూనిట్ (ప్రాప్ దగ్గర గేర్లు ఉండే కింది భాగం) కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కల గేర్ ఆయిల్ వేలి మీదకి తీసుకోండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోతున్నాయి, సీళ్ళు మార్చాలి, ధర తగ్గించమనండి. నల్లగా ఉండి రేకు పొడి మెరుస్తుంటే గేర్లు అరిగిపోతున్నాయి, ఆ మోటర్ వద్దు.

టూ స్ట్రోక్ అయితే తేలిక, చవక, పెట్రోల్‌లో ఆయిల్ కలుపుకోవాలి, చాలావాటికి 50 కి 1, పొగా చప్పుడూ ఉంటాయి. లేక్ వాళ్ళు టూ స్ట్రోక్ ఒప్పుకుంటారో లేదో కనుక్కున్నాకే కొనండి.

చివరగా మీ బోట్ ట్రాన్సమ్. మోటర్ తగిలించే చోట లోపల చాలావాటికి ప్లైవుడ్ ఉంటుంది, ఏళ్ళ తరబడి నీళ్ళు దిగి మెత్తబడిపోయి ఉంటుంది. పాత మోటర్ కింది భాగం పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, ట్రాన్సమ్ కూడా వంగుతుంటే చెక్క మార్చాకే కొత్త మోటర్. 20 హెచ్‌పి పైన అయితే బిగింపు స్క్రూలు ఒక్కటే నమ్మొద్దు, ట్రాన్సమ్‌లోంచి బోల్టులు వేసి, రంధ్రాలకి మెరైన్ సీలెంట్ పూసి బిగించండి, ఒక సేఫ్టీ చెయిన్ కూడా కట్టండి.